గట్టిగ చదువు బిడ్డా

పొద్దున లేవగానే జైనాబ్ చేసే మొదటి పని వడ్ల మీది పరదా తీయడం. రెండో పని కూతుర్ని లేపడం. కోతలు మొదలైతే బాన్సువాడ శివారులో కాలువ వెంబడి పోయే తారురోడ్డు సగమే రోడ్డు, మిగతా సగం కల్లం. ఎవరింటి ముందు వాళ్లు వడ్లు ఆరబోసుకుని, మీదికి బండ్లెక్కకుండా అంచున రాళ్లు పేర్చుకుంటారు. బస్సు డ్రైవరు తిట్టుకుంటూనే పక్కకు తిప్పుకుని పోతాడు. ఎంత తిట్టుకున్నా టైరు మాత్రం వడ్ల మీద పెట్టడు. అన్నం మీద టైరు పెట్టేవాడు ఆ దారిన ఇంకా పుట్టలేదు.

చెప్పులు విడిచి, చీర కాస్త ఎగదోపి, జైనాబ్ వడ్లలో కాళ్లు ఈడ్చుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంది. ఆమె వెనక నాగలి పోయినట్టు సాళ్లు పడతాయి. అడుగునున్న పచ్చి వడ్లు పైకి తేలతాయి. ఆలోపు ఆసిమా మొహం కడుక్కుని వచ్చి, గోడ నీడన కుర్చీ వేసుకుని, ఒళ్లో పుస్తకం తెరుస్తుంది.

"గట్టిగ చదువు," అంటుంది జైనాబ్, వెనక్కి తిరగకుండానే.

ఆసిమా గట్టిగా చదువుతుంది. వడ్లు ఆరుతాయి.

ఇందులో వింతేమీ లేదు. కొందరి చెయ్యి పచ్చడికి మంచిది. కొందరు పితికితే బర్రె ఇంకో చెంబు ఎక్కువిస్తుంది. ఆసిమా చదువు వడ్లకు మంచిది, అంతే.

అది బయటపడ్డది ఆ పిల్ల రెండో తరగతిలో ఉన్నప్పుడు. జైనాబ్‌కు చదువు రాదు. చదువు రాని తల్లికి పిల్ల చదువుతోందని తెలిసేది ఎట్లా? చెవితోనే. రొట్టెలు చేస్తున్నా, గిన్నెలు తోముతున్నా పిల్ల గొంతు వినపడుతుంటే చదువు నడుస్తున్నట్టు, గొంతు ఆగితే ఆట మొదలైనట్టు. జైనాబ్ ఒక్కతే కాదు, ఆ వాడ తల్లులందరూ చెవితోనే చదివించేవాళ్లు. పొద్దుగూకే వేళకు ఎక్కాలూ పద్యాలూ ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకునేవి. ఆ రోజు మేకలు రాకుండా ఆసిమాను వడ్ల దగ్గర కూర్చోబెట్టి, ఉత్తగ కూర్చునుడెందుకని పుస్తకం చేతికిచ్చింది. పిల్ల చదివింది. మధ్యాహ్నం మహిళా సంఘం తరఫున వడ్లు కొనే సెంటర్ నడిపే రోజారాణి వచ్చి, గుప్పెడు గింజలు తేమ మిషన్‌లో పోసి, అంకె చూసి, మిషన్ ఆగిపోయిందేమోనని తట్టి, మళ్లీ చూసింది.

"పొద్దున పచ్చిగ ఉండె గదా జైనాబక్కా. ఏం చేసినవ్?"

"నేనేం చేయలే. పిల్లతోని హోంవర్క్ చేయించిన."

"మంచిగైంది. రేపు మా వడ్ల కాడ గూడ చేయించు," అని రోజారాణి చీటీ రాసి పోయింది.

హోంవర్కుకు ఆ వాడలో మర్యాద వచ్చింది ఆ రోజు నుంచే. ఇంకే ఊళ్లోనైనా పిల్లను చదువుకొమ్మని తల్లి ఒక్కతే చెప్తుంది, మహా అయితే సారు చెప్తాడు. ఆసిమాకు ఆ రోడ్డు రోడ్డంతా చెప్పింది. కోతలొచ్చాయంటే జామకాయలు తెచ్చేవాళ్లు, పెన్నులు తెచ్చేవాళ్లు, ఎండ తగులుతోందని గొడుగు పట్టేవాళ్లు. "సదువు బిడ్డా, సదువు," అని ముసలివాళ్లు తల నిమిరేవాళ్లు. పోయినేడు పుస్తకమైనా సరే, చింపిరి కాగితమైనా సరే, చదివితే చాలు. ఏం చదువుతున్నావని మాత్రం ఒక్కరూ అడగలేదు. వడ్లు అడగలేదు, వడ్ల వాళ్లూ అడగలేదు.

మిగతా తల్లులు తమ పిల్లల్నీ వడ్ల దగ్గర కూర్చోబెట్టి చూశారు. వాళ్ల గొంతులు పోయాయి తప్ప వడ్లు ఆరలేదు. ఒకసారి ఆసిమాకు జ్వరమొస్తే జైనాబే నడుం బిగించింది. ఇన్నేళ్లుగా విని విని ఆమెకు పాఠాలన్నీ నోటికి వచ్చు. ఆకులు అన్నమెట్లా వండుకుంటాయో, భూమి ఎందుకు వంగి తిరుగుతుందో, రాజ్యాంగం ఏం చెప్తుందో, పుట్టింట్లో ఉర్దూ తప్ప వినని ఆ మనిషి తప్పు పోకుండా తెలుగులో అప్పజెప్పగలదు. వడ్ల ముందు నిలబడి ఒక పాఠమంతా అప్పజెప్పింది. ఒక్క గింజా కదల్లేదు.

"నువ్వు సదువుతలేవు జైనాబక్కా, పాడుతున్నవ్," అని నవ్వాడు పక్కింటి మోతీరాం. "సదువుకు కండ్లు గావాలె. గీ వడ్లకు గూడ తెలుసు."

మోతీరాంకు ఎకరన్నర పొలం, ఒక పాత బైకు, ఊరందరికీ సరిపోయేంత నోరు ఉన్నాయి. ఏ పాఠానికి వడ్లు ఎట్లా ఆరతాయో అతనే తేల్చాడు. తెలుగు చదివితే మెల్లగా ఆరతాయట, కానీ బియ్యం రుచి. ఇంగ్లీషు చదివితే తొందరగా ఆరతాయి గానీ మిల్లులో నూకవుతాయి. సాంఘికం చదివితే తాలు గూడా దానంతటదే ఎగిరిపోతుంది.

"లెక్కలు?" అని అడిగింది ఆసిమా ఒకసారి.

"లెక్కలకు సప్పుడేది బిడ్డా? సప్పుడు లేనిది సదువెట్లైతది?"

ఆసిమాకు ఇష్టమైనవి లెక్కలే. అవి పైకి చదివేవి కావు. గొంతు మూసుకుని చేసేవి. నోరు ఆగిందంటే తల్లి కేకేస్తుంది, తల్లి కేకేయకపోతే ఎవరో ఒక రైతు కేకేస్తాడు. అందుకని చదువుతూ చదువుతూ, ఒక చెయ్యి కిందికి జార్చి, పరిచిన వడ్ల మీద వేలితో లెక్క చేసుకునేది. ఎడమ పక్కన ఇంత, కుడి పక్కన ఇంత, కింద గీత. సగం లెక్క అయ్యేసరికి జైనాబ్ కాళ్లు ఈడ్చుకుంటూ వచ్చేది. సాలు పడేది. లెక్క పోయేది.

"అమ్మీ, ఆగు."

"ఆగితే అడుగువి ఆరయ్. నువ్వు ఎందుకాగినవ్? గట్టిగ."

పదో తరగతిలో దీపిక మేడం ఇంటికే వచ్చింది. లెక్కలు చెప్పే మనిషి, మాటకు మొహమాటం లేదు. "ఈ పిల్ల కోతల కాలంలో బడికి వస్తలేదు. వచ్చినా గొంతు పోయి కూచుంటుంది. లెక్కల్లో ఇట్లాంటి బుర్ర నేను చూడలేదమ్మా. ఒక్కసారికే మంచి మార్కులతోని పాసైతే బాసర కాలేజిల సీటొస్తది. ఆరేండ్లు అక్కడే ఉండి ఇంజినీరై బయటికొస్తది. మీరు చేయాల్సింది ఒక్కటే. కొంచెం సప్పుడు లేకుంట ఉండనియ్యండి."

"సప్పుడు లేకపోతే చదువుతున్నట్టు నాకెట్ల తెలుస్తది మేడం?" అంది జైనాబ్. వాదించడానికి అనలేదు. నిజంగానే అడిగింది.

మేడం చాయ్ తాగి పోయింది. ఆ రోజు నుంచి ఆసిమా బాసర అన్న మాట పైకి అనలేదు గానీ, కుర్చీ మాత్రం బాసర పోయే బస్సులు కనపడే వైపు తిప్పుకుని కూర్చునేది.

ఇక్కడ వెంకట్రావు గురించి చెప్పాలి. నిజాంసాగర్ నీళ్లు చూసి వాళ్ల తాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొన్నాడు. ఇప్పుడు ఆ రోడ్డు మీద అన్నిటికన్నా పొడుగు కుప్ప ఆయనదే. జైనాబ్ చేసే ఎకరం కూడా ఆయన దగ్గర కౌలుకు తీసుకున్నదే. జైనాబ్ భర్త ఆబిద్ వరికోత మిషన్ డ్రైవరు. కోతలొస్తే మిషన్ ఏ జిల్లాకు పోతే ఆ జిల్లాకు పోతాడు, కాబట్టి కౌలు మాటలు జైనాబే మాట్లాడుకోవాలి. వెంకట్రావు చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు, ఎవరినీ ఏకవచనంతో తీసిపారేయడు. చదువంటే ప్రాణం. "ఆస్తులు పోతాయమ్మా, చదువు పోదు," అని ఆసిమాకు చెప్పని రోజు లేదు. ఆయన కూతురు సిరీషదీ ఆసిమా వయసే, పదో తరగతే. వ్యాన్ ఎక్కి ప్రైవేటు స్కూలుకు పోయేది, ఏసీ గదిలో తలుపేసుకుని చదివేది. ఆ తలుపు అవతల ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. పిల్ల చదువుకుంటోంది మరి.

పరీక్షలూ యాసంగి కోతలూ ఆ ఏడు ఒకేసారి వచ్చాయి. తెలుగు, హిందీ, ఇంగ్లీషు అయిపోయాయి. లెక్కల పరీక్ష రోజు పొద్దున్నే రోజారాణి ఫోన్ చూపిస్తూ వచ్చింది. మధ్యాహ్నానికి వాన అని మెసేజ్. మబ్బు అప్పటికే కాలువ మీదికి దిగింది.

"లారీ ఎనిమిదిన్నరకు వస్తది. తేమ పదిహేడు శాతానికి దిగకపోతే నేను ఎత్తనియ్యలేను. లారీ వేరే సెంటర్‌కు పోయిందంటే మళ్ల ఎప్పుడొస్తదో దేవునికెరుక," అంది.

రోడ్డంతా ఒకేసారి జైనాబ్ ఇంటి వైపు చూసింది.

ఆసిమా అప్పటికే యూనిఫాం వేసుకుని, జడలు వేసుకుని, హాల్ టికెట్టు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. పరీక్ష సెంటర్ ఊరికి ఆ కొసన. తొమ్మిదిన్నరకు పేపర్. బస్సుకు పోవాలంటే ఇప్పుడే కదలాలి.

"జైనాబూ, ఒక్క అరగంటమ్మా," అన్నాడు వెంకట్రావు. "పరీక్ష ముందు ఎలాగూ ఓసారి తిరగేసుకోవాల్సిందే కదా. ఆ తిరగేసేదేదో ఇక్కడ కూర్చుని పైకి తిరగేసుకుంటే రెండూ అవుతాయి."

"లెక్కలు పైకి చదివేవి గావు సార్," అంది ఆసిమా.

"అయితే సాంఘికం చదువమ్మా. అది మాత్రం నీ పరీక్ష కాదా? ముందే చదివినట్టు ఉంటుంది."

ఆయన వెనక కారు ఆగి ఉంది. లోపల సిరీష అద్దం ఎక్కించుకుని, పెదవులు కదపకుండా లెక్కలు చూసుకుంటోంది. ఇద్దరిదీ ఒకే పరీక్ష. ఇద్దరిదీ ఒకే సెంటర్.

"నేను సిరీషతోని పోత సార్. కారుల జాగ ఉన్నది గదా."

"అది ముందే వెళ్లి కూర్చోకపోతే కంగారుపడిపోతుందమ్మా. నువ్వు ధైర్యం గల పిల్లవి. నిన్ను మోతీరాం బండి మీద దింపిస్తా. నాది పూచీ," అని ఆయన కారు డ్రైవరుకు చెయ్యి ఊపాడు. కారు వెళ్లిపోయింది.

ఆసిమా తల్లి వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఒక ప్రశ్న ఉంది, దానికి అవును అనో కాదనో ఒక్క మాటతో జవాబు చెప్పొచ్చు. జైనాబ్ మబ్బు చూసింది, కుప్పలు చూసింది. ఉగాది దగ్గర్లో ఉంది. కౌలు మళ్లీ మాట్లాడుకునేది ఉగాదికే. వెంకట్రావు చేతులు కట్టుకుని ఎంతో మర్యాదగా నిలబడి ఉన్నాడు.

"చదువు బేటా," అంది. "అరగంటే గదా. గట్టిగ చదివితే జల్దీ ఆరుతయ్."

ఆసిమా హాల్ టికెట్టు జేబులో పెట్టుకుని వెంకట్రావు కుప్ప దగ్గర కూర్చుంది. రాజ్యాంగం పాఠం తీసింది. అందరూ సమానమేనని, అందరికీ అవకాశాలు ఒక్కటేనని ఆ పిల్ల గొంతెత్తి చదువుతుంటే వెంకట్రావు కుప్ప మీంచి సన్నగా ఆవిరి లేచింది. మోతీరాం తలాడించాడు. "రాజ్యాంగం మంచి పాఠమే. వడ్లకు బాగ పట్టింది."

వెంకట్రావు కుప్ప అయింది. ఆ పక్క కుప్ప వాళ్లు, మాది చిన్నదే బిడ్డా అన్నారు. దాని పక్కవాళ్లు, మాది ఇంకా చిన్నది అన్నారు. అరగంట ఎప్పుడో దాటింది. ఆసిమా పుస్తకం మూసి లేచింది.

అప్పుడు జైనాబే అంది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు మింగుదామన్నా దిగలేదు ఆమెకు. "మన కుప్ప ఒక్కటే మిగిలింది బేటా."

ఆసిమా మళ్లీ కూర్చుంది. తల్లి కుప్పకు కూడా చదివింది.

మోతీరాం బైకు స్టార్ట్ చేసేసరికి తొమ్మిది దాటింది. ఎనిమిదిన్నరకు రావాల్సిన లారీ అప్పుడే వచ్చింది. వెంకట్రావు కుప్పకు ఆనించుకోవడానికి వెనక్కి తిరుగుతూ రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది. వెనకే ఇంకో ట్రాక్టర్. హమాలీలు అప్పటికే బస్తాలు నెత్తికెత్తుకుంటున్నారు. ఖాళీగా ఉన్న సగం రోడ్డు నిండా లారీ. మిగతా సగం నిండా వడ్లు, ఎండి గలగలలాడుతున్న వడ్లు. అవతల కాలువ.

మోతీరాం హారన్ కొట్టాడు. లారీ డ్రైవరు చెయ్యి బయటపెట్టి ఆగమన్నాడు.

"వడ్ల మీదికెల్లి పోనీ అన్నా," అంది ఆసిమా వెనక నుంచి.

మోతీరాం ముందు టైరు రాళ్ల దాకా తెచ్చాడు. ఒక కాలు దించి ఒక రాయి పక్కకు నెట్టాడు కూడా. సరిగ్గా అప్పుడు వెనక నుంచి అరుపు వినపడింది.

"వడ్లు తొక్కియ్యకు!"

అది వెంకట్రావు గొంతు కాదు. రోజారాణిది కాదు. జైనాబ్‌ది. ఆలోచించి అరిచింది కాదు. మేక దూరితే అరిచినట్టు, కాకి వాలితే అదిలించినట్టు, పుట్టినప్పటి నుంచీ ఒంట్లో ఉన్న అరుపు దానంతటదే వచ్చింది. మోతీరాం కాలు ఆగిపోయింది. ఆసిమా బండి మీది నుంచే వెనక్కి తిరిగి తల్లిని చూసింది. మళ్లీ ముందుకు తిరిగింది.

లారీ సర్దుకుని దారిచ్చేదాకా వాళ్లు అక్కడే నిలబడ్డారు.

మధ్యాహ్నం వానలో తడుస్తూ ఇద్దరూ తిరిగొచ్చారు. మోతీరాం తలెత్తలేదు.

"గేటు ఏసిండ్రు అమ్మీ."

"బతిమాలకపోయినవా?"

"బతిమాలిన. మోతీరామన్న పోలీసాయన కాళ్లు గూడ పట్టుకున్నడు. రూల్ రూలే అన్నరు."

సంగతి తెలిసి వెంకట్రావు గొడుగేసుకుని వచ్చాడు. నిజంగానే నొచ్చుకున్నాడు. "జూన్‌లో సప్లిమెంటరీ ఉందిగా తల్లీ. చదువుకునేవాళ్లకి ఇదో లెక్కా?"

"మీ వడ్ల తేమ ఎంతకొచ్చింది సార్?" అని అడిగింది ఆసిమా.

"పదహారుకొచ్చిందమ్మా. నీ దయ."

"మంచిగైంది," అంది ఆసిమా, తలుపు దగ్గరికి వేసి.

అదే ఆ పిల్ల ఆ ఇంట్లో గట్టిగా చదివిన చివరి రోజు.

మిగిలిన పరీక్షలు రాసింది. జూన్‌లో లెక్కలు రాసి నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. అంత మంచి మార్కులు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. బాసరలో మొదటిసారే పాసైన వాళ్లకే సీటు. సిరీష హైదరాబాదులో పెద్ద కాలేజీ హాస్టల్లో చేరింది. ఆసిమా బాన్సువాడలోనే ఇంటర్లో చేరి, రోజూ ఒళ్లో పుస్తకం పెట్టుకుని అదే కుర్చీలో కూర్చునేది. పేజీలు తిరిగేవి. చప్పుడు మాత్రం ఉండేది కాదు.

ఆ చప్పుడు లేకపోవడం వాడ కంటే ముందు జైనాబ్‌కు తగిలింది. రొట్టె చేస్తూ చెవి అటు పెట్టేది. ఇంతకుముందు ఆ వంటింట్లోకి సముద్రాలు వచ్చేవి, రాజులు వచ్చేవాళ్లు, గుండెకాయ నాలుగు గదులతో వచ్చేది. ఇప్పుడు పెనం మీద రొట్టె కాలే చప్పుడు తప్ప ఏదీ రావడం లేదు. బిడ్డ ఇంటర్లో ఏం నేర్చుకుంటోందో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. ఆమె చదువు పదో తరగతి సాంఘికం దగ్గర ఆగిపోయింది.

వానాకాలం పంట కోతకొచ్చింది. రోడ్డు మీద మళ్లీ వడ్లు, మళ్లీ రాళ్లు, మళ్లీ మబ్బు. జామకాయలు వచ్చాయి, పెన్నులు వచ్చాయి. ఆసిమా పెన్నులు తీసుకుంది.

వెంకట్రావు వచ్చి నిలబడ్డాడు. "చదవమ్మా."

"చదువుతున్న సార్."

"వినపడట్లేదమ్మా."

"నాకు ఇనబడుతుంది సార్."

ఆయన నవ్వబోయి మానుకున్నాడు. రోజారాణి జైనాబ్ చెయ్యి పట్టుకుంది. "నువ్వన్న చెప్పక్కా. వాన వస్తే అందరివి పోతయ్, నీది గూడ పోతది. తల్లివి, నీ మాట ఇంటది."

జైనాబ్ కూతురి దగ్గరికి నడిచింది. వెనక వాడంతా నిలబడి చూస్తోంది. అలవాటైన మాట నాలుక చివరికి వచ్చి కూర్చుంది. ఆసిమా తలెత్తి, ఆ పొద్దున బైకు మీది నుంచి చూసినట్టే, చూసింది.

జైనాబ్ ఆ మాట మింగింది. వెనక్కి తిరిగి, "చదువుకుంటుంది," అంది వాళ్లతో. "సప్పుడు చేయకుండ్రి."

వాన పట్టుకుంది. పట్టింది పట్టినట్టే రోజుల తరబడి కొట్టింది. పరదాల కింది నుంచి నీళ్లు పారాయి. కుప్పలు లోపల వేడెక్కి, ముక్కిపోయి, మొలకలెత్తాయి. రోడ్డు సగం ఆకుపచ్చగా మారింది. ఆ అంచున వాడ మొత్తం ఒక మాట మీదికి వచ్చింది. ఎంత చదివించినం ఆ పిల్లను, ఆఖరికి చదువు బంద్ చేసింది, మన పెన్నులు దండుగ అని. ఆ పిల్ల అంతకుముందెన్నడూ చదవనంత చదువుతున్న రోజుల్లో ఆ మాట అన్నారు. వచ్చే ఉగాదికి కౌలు వేరేవాళ్లకు ఇస్తున్నానని వెంకట్రావు కబురు చేశాడు. మర్యాదగానే చేశాడు.

వాన తెరిపిచ్చిన పగలు జైనాబ్ పరదా తీసింది. ఎవరూ కొనని వడ్లు. కోళ్లకైనా పనికొస్తాయేమోనని పరిచి, అలవాటు ప్రకారం చెప్పులు విడిచి, కాళ్లు ఈడ్చుకుంటూ నడిచింది. గోడ నీడన కుర్చీ దగ్గరికి వచ్చేసరికి తడి వడ్ల మీద గీతలు కనపడ్డాయి. ఎడమ పక్కన ఇంత, కుడి పక్కన ఇంత, కింద గీత. ఆసిమా చెయ్యి ఇంకా కిందికే జారి ఉంది.

జైనాబ్ కాలు గాలిలోనే ఆపింది.

"గిదేంది?"

"లెక్క."

"ఇంతకుముందు గూడ ఉంటుండెనా ఇక్కడ?"

"ఎప్పటికి ఉంటుండె."

జైనాబ్ తన పాదాల వైపు చూసుకుంది. ఎన్ని పోయాయో వాటి కింద. అడగలేదు. లెక్కను తప్పించుకుని చుట్టూ తిరిగి వచ్చి, బిడ్డ కాళ్ల దగ్గర గొంతుక్కూర్చుంది.

"నువ్వు ఇగ గట్టిగ చదవవు," అంది. "చదవకు. నేను అడుగుతలేను. కానీ నాకు ఏం తెలుస్తలేదు బేటా. చెవులు ఉత్తగైనయ్. కండ్లతోనన్న ఎట్ల చదువుతరో చూపియ్."

క్షమించినట్టు ఆసిమా మొహంలో ఎక్కడా లేదు. అయినా కుర్చీ దిగి, మొలకలు పక్కకు తోసి, తడి వడ్లలో వేలితో ఒక అక్షరం గీసింది. తల్లి చెయ్యి తీసుకుని, ఆ సాలులో తల్లి వేలు పెట్టి, మెల్లగా తిప్పించింది.

"ఇది అ."

జైనాబ్ వంగి చూసింది. జన్మంతా చెవితో విన్న ఆ శబ్దానికి ఒక రూపం ఉందని అప్పుడు కనపడింది. వేలు గీత చివరికి వచ్చేసరికి నోరు దానంతటదే తెరుచుకుంది.

"అ," అని చదివింది. గట్టిగా. ఆమెకు ఇంకో రకంగా రాదు.

అక్షరం వెంబడి సన్నగా ఆవిరి లేచింది. ఆ సాలులోని గింజలు ఒక్కొక్కటీ పొడిబారి, మొలకలు రాల్చుకుని, బంగారు రంగుకు తిరిగి గలగలమన్నాయి. చుట్టూ తడి వడ్లలో ఆ ఒక్క అక్షరమే ఎండి మెరుస్తోంది.

జైనాబ్ వేలితో ఒక ఎండిన గింజను తాకి చూసింది. చిన్నప్పుడు తనను ఎవరో ఒకరు ఒక్క ఏడాది బడికి పంపి ఉంటే, ఈ కుర్చీలో ఇన్నేళ్లు ఎవరు కూర్చునేవాళ్లు? ఆ లెక్క చేయడానికి ఆమెకు వడ్లు అక్కర్లేకపోయింది.

ఆసిమా మాత్రం వడ్ల వైపు చూడటం లేదు. రోడ్డు ఆ కొస చూసింది, ఈ కొస చూసింది. రోజారాణి సెంటర్ దగ్గర సంచులు దులుపుతోంది. మోతీరాం బైకు తుడుచుకుంటున్నాడు. వెంకట్రావు గేటు దగ్గర నిలబడి, ఏదో చప్పుడైనట్టు ఇటే తల తిప్పుతున్నాడు.

ఆసిమా గబుక్కున ఎండిన అక్షరాన్ని కాలితో చెరిపేసి, తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్టిగ చదవకు అమ్మీ," అంది చెవిలో. "వాళ్లకు ఇనబడుతది."